ఆకు మాడితే కొలుస్తాం, కన్ను మండితే?

సస్యరక్షణ మందులపై క్షేత్ర ప్రయోగాలు చేసినవారందరికీ ఒక పట్టిక కంఠస్థమై ఉంటుంది. పిచికారీ చేసిన 1, 3, 5, 7, 10 రోజులకు మొక్కలను పరిశీలించి, ఆకు కొసలు మాడడం, ఈనెలు పాలిపోవడం, వడలడం, ఆకులు పైకో కిందికో ముడుచుకోవడం వంటి లక్షణాలకు 0 నుంచి 10 వరకు అంకెలు వేస్తాం. సిఫారసు మోతాదుతో ఆగక రెట్టింపు మోతాదులోనూ పరీక్షిస్తాం. బోర్డో మిశ్రమాన్ని కలిపే రైతు సైతం కత్తిమొనను అందులో ముంచి, ఇనుముపై ఎర్రటి రాగి పూత కనిపిస్తే సున్నం చాలలేదని గ్రహించి మరికొంత సున్నపు నీరు పోస్తాడు. ఆకుకు హాని జరగకముందే దానిని పసిగట్టే విద్య మనకు కొత్త కాదు. ఆ మందును కలిపిన చేతికి, ఆ పొడి రేగి పడిన కంటికి మాత్రం మన పట్టికలో గడి లేదు.

ఈ లోపాన్ని నేను గుర్తించినది పుస్తకంలో కాదు. చాలా ఏళ్ల క్రితం వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులుపై ఒక ప్రయోగం జరుగుతోంది. క్లోరోథాలోనిల్ 75 శాతం నీటిలో కరిగే పొడిని లీటరుకు 2 గ్రాముల చొప్పున వాడుతున్నాము. పొడిని బకెట్‌లో కలుపుతున్న కూలీ ఒకామె, గాలి ఒక్కసారిగా తిరగడంతో ముఖాన్ని కొంగుతో తుడుచుకుని పని కొనసాగించింది. మధ్యాహ్నానికి కన్ను తెరవలేకపోయింది. ఎవరో ఆముదం వేయమన్నారు. మరొకరు పక్క చేనులో ఉన్న బాలింత పాలు తెప్పించబోయారు. మేము డ్రమ్ములో మిగిలిన నీళ్లతో కడిగించి ఆసుపత్రికి పంపాము. కన్ను దక్కింది, కాని కోలుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ రోజు నా క్షేత్ర పుస్తకంలో నేనే స్వయంగా రాసిన వాక్యం ఇప్పటికీ ఉంది: ‘రెట్టింపు మోతాదులో సైతం ఎట్టి దుష్ప్రభావం కనిపించలేదు.’ మొక్క విషయంలో అది అక్షరాలా నిజం.

ఆ సంఘటనను ముందే ఊహించగలిగేవారమా? ఊహించగలిగేవారమే. ఈ వ్యాసంలో నేను ప్రధానంగా చెప్పదలచినది ఇదే.

క్లోరోథాలోనిల్ అణువును కాగితంపై గీసి చూడండి. బెంజీన్ వలయానికి నాలుగు క్లోరిన్ పరమాణువులు, రెండు సయనో సమూహాలు ఉంటాయి. ఆ సయనో సమూహాలు వలయంలోని ఎలక్ట్రాన్లను తమవైపు లాగుకోవడంతో క్లోరిన్ సులువుగా ఊడిపోయే స్థితిలో ఉంటుంది. గంధకం గల థయోల్ సమూహం తారసపడితే చాలు, క్లోరిన్ తొలగి ఆ స్థానంలో మాంసకృత్తు అతుక్కుంటుంది. శిలీంధ్ర కణాన్ని ఈ మందు చంపే విధానం ఇదే. ఒకే ఎంజైమ్‌పై కాక అనేక ఎంజైములపై ఒకేసారి పనిచేస్తుంది కనుకనే శిలీంధ్రాలు దీనికి తొందరగా నిరోధకత పెంచుకోలేవని తరగతిలో దీని గొప్పగా చెబుతాం. థయోల్ సమూహాలు శిలీంధ్రాల సొత్తు కావు. కంటి నల్లగుడ్డుపై ఉండే పారదర్శక పొర కార్నియాలోనూ అవే ఉన్నాయి, చర్మంలోనూ ఉన్నాయి. ఇటువంటి చర్యాశీల అణువు కంటిని తీవ్రంగా గాయపరచగలదనీ, చర్మానికి ఎలర్జీ తెప్పించగలదనీ నిర్మాణం చూసి చెప్పడం రసాయనశాస్త్రం తెలిసినవారికి కష్టం కాదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కంటి విషయంలో ఈ మందును అత్యంత తీవ్రమైన మొదటి తరగతిలో ఉంచింది. ఐరోపా వర్గీకరణ దీనిని ‘కంటికి తీవ్ర నష్టం కలిగించేది’ అన్నది.

అదే మందు ఎలుకలలో నోటి ద్వారా పరీక్షించినపుడు దాదాపు నిరపాయకారి. దాని ఎల్.డి.50 విలువ కిలో శరీర బరువుకు 5000 మిల్లీగ్రాములకు పైమాటే. మన చిక్కంతా ఇక్కడే ఉంది. 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కింద 1971లో వచ్చిన నియమావళి మనకు నాలుగు రంగుల త్రికోణాలు ఇచ్చింది. నోటి ద్వారా ఎల్.డి.50 విలువ 1 నుంచి 50 వరకు ఉంటే ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 501 నుంచి 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. చర్మం ద్వారా శరీరంలోకి చేరి ప్రాణం తీసే మోతాదుకూ ఇటువంటి హద్దులే వేరుగా ఉన్నాయి. గమనించవలసినది ఏమంటే, రెండు కొలతలూ మరణానికి సంబంధించినవే. చర్మం పొక్కడం, కన్ను మసకబారడం ఈ త్రికోణంలోకి రావు. నమోదుకై కంపెనీలు సమర్పించే వివరాలలో చర్మంపై, శ్లేష్మపు పొరలపై జరిపిన పరీక్షల ఫలితాలు ఉంటాయి. ఆ సమాచారం దస్త్రంలో ఉంటుంది, కరపత్రంలో చిన్న అక్షరాలలో కొంత కనిపిస్తుంది. రైతు దూరం నుంచి చూసేది మాత్రం రంగును. ఆకుపచ్చ రంగును మనవారు ‘ఏమీ కాదు’ అని చదువుకుంటారు. వారిని తప్పుపట్టలేము, అలా చదవమని నేర్పినది మన శిక్షణా తరగతులే. అమెరికాలో లేబుల్‌పై హెచ్చరిక పదాన్ని నిర్ణయించేటపుడు నోరు, చర్మం, శ్వాస, కంటి ప్రకోపం, చర్మ ప్రకోపం అనే పరీక్షలలో ఏది ఎక్కువ తీవ్రమో దానినే ప్రమాణంగా తీసుకుంటారు. ఈ ఒక్క నియమం మనకూ ఉంటే అనేక సీసాల రంగు మారిపోతుంది.

పరిభాష గురించి ఒక మాట. తాకిన చోట ఎరుపు, వాపు, మంట వచ్చి కొన్నాళ్లకు పూర్తిగా నయమయ్యే గాయాన్ని ప్రకోపం అంటున్నాను. కణజాలాన్ని తిరిగి రాని విధంగా నాశనం చేసేది దాహకత. ఈ రెంటికీ ఎలర్జీ వేరు. వయ్యారిభామ కలుపు తీసేవారిలో కొందరికే చర్మవ్యాధి రావడం, ఒకసారి వచ్చినవారికి తరువాత కొద్దిపాటి స్పర్శకే తిరగబెట్టడం ఎలర్జీ లక్షణం. ఇక్కడ నా దృష్టి మొదటి రెంటి మీదనే.

ఈ హానిని కొలిచే పద్ధతిని 1944లో అమెరికా ఆహార, ఔషధ సంస్థకు చెందిన జాన్ డ్రేజ్ ప్రతిపాదించాడు. కుందేలు కంట్లో 0.1 మిల్లీలీటరు పదార్థం వేసి గంటకు, 24, 48, 72 గంటలకు పరిశీలిస్తారు. అవసరమైతే 21 రోజుల దాకా చూస్తారు. వెంట్రుకలు తీసిన వీపుపై అర మిల్లీలీటరు లేదా అర గ్రాము పదార్థాన్ని పట్టీ వేసి నాలుగు గంటలు ఉంచుతారు. ఈ పరీక్షలో జీవహింస ఉందన్నది ఒక అభ్యంతరం. దానికి తోడు, అది అంత నమ్మదగినది కాదన్నది శాస్త్రపరమైన అభ్యంతరం. ఒకే పదార్థాన్ని వేర్వేరు ప్రయోగశాలలకు పంపితే ఒకచోట తీవ్రం, మరొకచోట సామాన్యం అని ఫలితాలు రావడాన్ని 1971లోనే వైల్, స్కాలా అనే శాస్త్రవేత్తలు ప్రచురించారు. కుందేలుకు మూడవ రెప్ప ఉంది, అది మనకన్నా తక్కువగా రెప్ప వేస్తుంది, దాని చర్మం సాధారణంగా మన చర్మం కంటే సున్నితం. ఇక మన వైపు చూస్తే, ఏ ప్రయోగశాలలోనూ కుందేలు వీపు మీద కారుతున్న ట్యాంకు ఉండదు, చెమటతో తడిసిన చొక్కా ఉండదు. నాలుగు గంటల పట్టీకీ, సూర్యుడు నెత్తికెక్కేదాకా వీపుకు అంటుకుని ఉండే ఆ చొక్కాకూ పోలిక ఎక్కడిది?

ఇప్పుడు ప్రత్యామ్నాయాలు వచ్చాయి. మానవ చర్మకణాలను ప్రయోగశాలలో పెంచి, పైన మృతకణాల పొర ఏర్పడేదాకా ఎదగనిచ్చి, దానిపై పదార్థాన్ని వేసి, కడిగి, ఎన్ని కణాలు బ్రతికి ఉన్నాయో ఒక రంగు చర్య ద్వారా కొలుస్తారు. సగమో అంతకు తక్కువో బ్రతికితే ప్రకోపకం అని లెక్క. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2010లో దీనిని 439వ మార్గదర్శకంగా ఆమోదించింది. కంటికి సంబంధించి, కబేళాలో వృథా అయ్యే పశువుల కార్నియాను, కోడికన్నును వాడే పద్ధతులు 2009లోనే 437, 438 సంఖ్యలతో వచ్చాయి. వీటికన్నా ముందు, ఏ పరీక్షా అవసరం లేని మెట్టు ఒకటుంది. ఉదజని సూచిక 2 కన్నా దిగువన లేదా 11.5 కన్నా ఎగువన ఉన్న ద్రావణాన్ని దాహకంగానే అనుమానించి, ఆమ్ల, క్షార నిల్వను కూడా కొలిచి నిర్ణయిస్తారు. సున్నపు తేట సూచిక 12 దాటుతుంది. తాంబూలానికి వాడే సున్నం చిన్నపిల్లల కళ్లలో చిమ్మి చూపు పోవడం మన కంటి వైద్యులకు తెలిసిన విషాదమే. ఆమ్లం మాంసకృత్తులను గడ్డకట్టించి తన దారిని తానే కొంత అడ్డుకుంటుంది. క్షారం కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోలోపలికి దిగుతుంది. కంటి రసాయన గాయాలకు మూలకణాలతో కార్నియా పైపొరను పునరుద్ధరించే సులభమైన శస్త్రవిధానం హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనే రూపుదిద్దుకుంది. ఆ కీర్తికి సంతోషించవలసిందే, అయితే అటువంటి నైపుణ్యం అవసరమయ్యే గాయాలు మన చుట్టూ ఉన్నాయని కూడా దాని అర్థం.

ఇక కంప్యూటర్ అంచనాల విషయం. అణు నిర్మాణం, నీటిలో, కొవ్వులో కరిగే గుణం, అణుభారం, ద్రవీభవన స్థానం ఇస్తే ‘ప్రకోపకం’, ‘కాదు’ అని క్షణాలలో చెప్పే ఉచిత సాధనాలు నేడు ఉన్నాయి. మా విద్యార్థులు వాటిని ఇష్టంగా వాడుతున్నారు. ఇటీవల ఒక విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో ఒక కలుపు మందుకు ‘కంటికి ప్రమాదం లేదు’ అనే ఫలితాన్ని అతికించి తెచ్చాడు. ఏ రూపానికి ఈ అంచనా వేశావని అడిగితే తెల్లముఖం వేశాడు. గ్లైఫోసేట్‌ను తీసుకుందాం. ఆమ్ల రూపంలో అది కంటికి తీవ్ర నష్టం చేసేదిగా ఐరోపా వర్గీకరణలో ఉంది. ఐసోప్రొపైలమైన్ లవణంగా మారిస్తే ఆ తీవ్రత చాలావరకు తగ్గుతుంది. ఆ లవణానికి, ఆకుపై పరచుకునేందుకు కొవ్వు అమైన్ జాతి సర్ఫాక్టెంటును కలిపి సీసాలో పోస్తే మంట మళ్లీ వెనక్కి వస్తుంది. పేరు ఒక్కటే, సమాధానాలు మూడు. కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు, మనం అడిగిన ప్రశ్నకే జవాబిచ్చింది.

మన రైతు కొనేది అణువును కాదు, ఫార్ములేషన్‌ను. ఇ.సి. రకం మందులలో జైలీన్ వంటి సుగంధ ద్రావకాలు, ఎమల్సిఫైయర్లు ఉంటాయి. మూల పదార్థం సాధువైనా ద్రావకం చర్మపు కొవ్వును కరిగించి తలుపు తెరుస్తుంది. సర్ఫాక్టెంట్లలో కంటికి ఎక్కువ హాని చేసేవి సాధారణంగా ధనావేశం గలవి, తరువాత ఋణావేశం గలవి, చివరన ఆవేశం లేనివి. మిశ్రమాల వర్గీకరణకు ప్రపంచ సామరస్య విధానం ఒక లెక్క ఇచ్చింది. కంటికి తీవ్ర నష్టం చేసే పదార్థం 3 శాతం లేదా అంతకు మించి ఉంటే మిశ్రమాన్నీ అదే తరగతిలో చేర్చాలి, 1 నుంచి 3 శాతం లోపు ఉంటే ప్రకోపకం అనాలి. ఈ లెక్కను మా వేరుశనగ చేనుకు అన్వయించి చూశాను. లీటరుకు 2 గ్రాముల 75 శాతం పొడి అంటే పిచికారీ ద్రావణంలో మందు 0.15 శాతం. హద్దుకు చాలా దిగువన ఉంది. అయితే ఎకరాకు 200 లీటర్లకు కావలసిన 400 గ్రాముల పొడిని ముందుగా రెండు లీటర్ల నీటిలో ముద్దగా కలుపుతారు. ఆ బకెట్‌లో మందు పది శాతం పైమాటే. ఇక గాలికి రేగిన పొడి సంగతి సరేసరి, అది నూటికి 75. పిచికారీ చేసే పురుషుడికి మాస్కు, అద్దాలు ఇచ్చి ఫొటో తీస్తాం. నీళ్లు మోసి మందు కలిపే స్త్రీని ఫొటో అంచున నిలబెడతాం. ప్రాణాపాయం శరీర బరువుకు తగిన మోతాదును బట్టి ఉంటుంది, ప్రకోపం గాఢతను బట్టి, తాకి ఉన్న సమయాన్ని బట్టి ఉంటుంది. ఈ భేదం తెలిస్తే అద్దాలు మొదట ఎవరికి పెట్టాలో వేరే చెప్పనక్కర లేదు.

కొత్త పరీక్షలను నేను సమర్థిస్తున్నాను గాని, వాటి కంటికి కనబడనిది ఒకటుందని పత్తి, మిరప రైతులతో మాట్లాడినవారికి తెలుసు. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్, లామ్డా సైహలోత్రిన్ వంటి పైరిత్రాయిడ్లు కొట్టిన సాయంత్రం ముఖమంతా చీమలు పాకినట్లు, కారం పూసినట్లు ఉంటుందని చెబుతారు. చెమట పడితే, వేడినీళ్లు తగిలితే అది ఎక్కువవుతుంది. చర్మం మీద చూడబోతే ఎరుపు ఉండదు, పొక్కు ఉండదు. ఈ మందులు చర్మంలోని స్పర్శ నాడుల సోడియం ద్వారాలను మూతపడనీయక అదేపనిగా స్పందింపజేస్తాయి. కుందేలు తన ముఖం మండుతోందని చెప్పదు. బ్రతికి ఉన్న కణాలను లెక్కించే పరీక్ష కూడా చెప్పదు, ఎందుకంటే అక్కడ కణం చావలేదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక్క పూట నిలబడినవారికి క్యాప్సైసిన్ ఇదే పాఠం చెబుతుంది: మంటకు గాయం ఉండి తీరాలన్న నియమం లేదు. కాబట్టి పరీక్షలో ‘ప్రకోపకం కాదు’ అని వస్తే, రైతు చెప్పిన మంటను ‘అపోహ’ అని కొట్టివేయకూడదు. నేనూ ఒకప్పుడు అలా కొట్టివేసినవాడినే.

మరొక వాదం మా సమావేశాలలో తరచు వినిపిస్తుంది: మంటలు, దురదలు చిన్న విషయాలు, ప్రాణాపాయాన్ని ముందు చూడాలి కదా అని. ఈ రెంటినీ విడదీయడమే పొరపాటు. పారాక్వాట్ ఆరోగ్యమైన చర్మం గుండా లోనికి అంతగా చొరబడదు. కాని అది తానే చర్మాన్ని ఒరిపిడి చేసి పుండు పెడుతుంది, ఆ పుండు గుండా ప్రవేశిస్తుంది. కారుతున్న ట్యాంకును వీపున మోసిన మనిషికి ఆ పుండే ప్రాణాపాయానికి దారి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన అనేకమంది మరణించిన ఉదంతంలో, ఆసుపత్రులలో చేరినవారిలో చాలామంది చూపు మసకబారిందనే మొదట చెప్పుకున్నారు.

ప్రతి సీసా మీద కన్ను బొమ్మ వేస్తే ఎవరూ పట్టించుకోరని చెప్పే సహోద్యోగుల మాటలో న్యాయం ఉంది. అంచనా పద్ధతులు రెండు రకాలుగా తప్పుతాయి. హాని లేనిదానిని ఉందనడం ఒకటి, ఉన్నదానిని లేదనడం మరొకటి. మొదటి తప్పు ఎక్కువైతే హెచ్చరిక విలువ పోతుంది, రెండవ తప్పుకు కన్ను పోతుంది. కంటికి శాశ్వత నష్టం చేసే మందుల విషయంలో నేను మొదటి తప్పుకే మొగ్గు చూపుతాను. తాత్కాలిక ప్రకోపం విషయంలో మాత్రం పెద్ద బొమ్మ అవసరం లేదు, లేబుల్‌లో ఒక వాక్యం చాలు. మూడు నాలుగు అంతరువుల వర్గీకరణ శాస్త్రజ్ఞులకు పనికివస్తుంది. చేనుకు రెండే రెండు కావాలి, ‘కన్ను పోవచ్చు’, ‘కన్ను మండుతుంది’.

చట్టం మారేదాకా వేచి ఉండవలసిన పని లేదు. మన విశ్వవిద్యాలయాలు ఏటా ప్రచురించే సాగు సిఫారసుల పుస్తకంలో మందు పేరు, మోతాదు, లీటరుకు ఎంత, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అనే గడులు ఉన్నాయి. వాటి పక్కన ‘చర్మం, కన్ను’ అని ఒక గడి చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. వేరుశనగ, పత్తి, మిరప పంటలతో ప్రారంభించవచ్చు. ఒకే రకమైన పని చేసే రెండు మందులున్నపుడు, కంటికి తక్కువ హాని చేసే దానిని ముందు వరుసలో రాయవచ్చు. ప్రయోగ క్షేత్రాలలో 0 నుంచి 10 అంకెల పట్టికకు ఒక నిలువు గీత కొట్టి, కలిపినవారిని, కొట్టినవారిని సాయంత్రం, మరునాటి ఉదయం అడిగి రాసుకోవచ్చు. మందు కలిపే చోట మందు డ్రమ్ముకు సంబంధం లేని మంచినీళ్ల బిందె ఒకటి ఉండాలి, కంట్లో పడితే పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఆగకుండా కడగాలి. ఆముదమూ వద్దు, పాలూ వద్దు.

గత ఖరీఫ్ నుంచి మా విభాగంలో ఈ గడిని నింపడం మొదలుపెట్టాము. కంపెనీ మందుల పని కొంత సాగింది. ఆగిపోయినది వేరొకచోట. రైతులు ట్యాంకులో మందుతోబాటు పోసే జిగురు, ‘మెరుపు’ పేరిట దుకాణదారు చేతిలో పెట్టే చిన్న సీసా, అది దొరకనపుడు వేసే బట్టల సోడా పొడి: వీటిలో సోడా పొడి సూచికను కొలిచాము, 10 దాటింది. ఆ చిన్న సీసాలలో ఏముందో మాత్రం వాటి మీద రాసి లేదు. అణువు పేరే తెలియనిచోట ఏ సాధనానికి ఏమిచ్చి అడగాలి? జిల్లాల్లోని పరిశోధనా కేంద్రాల మిత్రులు తమ ప్రాంతంలో అమ్ముడయ్యే ఇటువంటి సీసాల లేబుళ్లను, అవి లేకుంటే ఖాళీ సీసాలనే, మూత గట్టిగా బిగించి మాకు పంపవలసిందిగా కోరుతున్నాను.